సరిహద్దుకు అటు సగం, ఇటు సగం

నా మూర్ఖత్వం ఇది. నా ఒంటి గురించిన నిజాన్ని రెండుగా విరిచి ఒక సగం బళ్ళారిలో కన్నడంలో చెప్పాను, ఇంకో సగం అనంతపురంలో తెలుగులో చెప్పాను. మగవాళ్లతో పడుకుంటానని ఒప్పుకున్న చోట మత్తు సంగతి మింగేశాను. మత్తు సంగతి ఒప్పుకున్న చోట మగవాళ్ల సంగతీ, హెచ్‌ఐవీ మాత్రల సంగతీ మింగేశాను. రెండు ఊళ్లలో రెండు చీటీలు, రెండు పేర్లు. ఏ డాక్టరు ముందూ పూర్తి మనిషిగా కూర్చోలేదు. చాలా కాలం దీన్ని జాగ్రత్త అనుకున్నాను.

బళ్ళారిలో ఇట్లా బతకడం సులువు. 1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన రోజునే మా ఊరు మైసూరులో కలిసింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు పోయాయి. పటం మీద గీత పడింది గానీ చుట్టరికాలు తెగలేదు, మా అక్కను ఆదోనిలోనే ఇచ్చారు. బడిలో కన్నడం, ఇంట్లో తెలుగు, బజారులో రెండూ కలిపి, కౌల్ బజార్ వైపు పోతే ఉర్దూ కూడా. గుంతకల్లు రైలెక్కితే కాసేపటికే ఇంకో రాష్ట్రం, నన్ను ఎవరి కొడుకువని అడగని ఆస్పత్రి. పరువుకు భయపడే మనిషికి ఇంతకంటే ఏం కావాలి? మా ఊళ్లో క్షయ వచ్చినా, గర్భం పోయినా, మతి చెడినా అవతలి రాష్ట్రంలో చూపించుకుని రావడం నేను చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే. ఆ అలవాటునే నేనూ పట్టుకున్నాను.

తెలియక చేశానని చెప్పుకునే వీలు నాకు లేదు. 2003లో గేట్స్ ఫౌండేషన్ నిధులతో అవాహన్ అనే హెచ్‌ఐవీ నివారణ కార్యక్రమం మొదలైంది. బళ్ళారి జిల్లా అందులో ఉంది. చైనా ఇనుప ఖనిజాన్ని ఎంతంటే అంతకు కొంటున్న రోజులవి. సండూరు, హొసపేట దారుల్లో ఎర్రదుమ్ము లారీలు రాత్రీ పగలూ తిరిగేవి. 2011 జులైలో సుప్రీంకోర్టు తవ్వకాలు ఆపించేదాకా మా జిల్లాలో డబ్బూ, ఇల్లు వదిలొచ్చిన మగవాళ్లూ, లాడ్జీలూ పెరుగుతూనే పోయాయి. ఇరవై దాటిన వయసులో నేను పీర్ ఎడ్యుకేటర్‌గా చేరాను. సాయంత్రమైతే బస్టాండు, స్టేషను, సినిమా హాళ్ల వెనక సందులు. మావాళ్లు కలుసుకునే ప్రతి చోటునూ మేము సైటు అనేవాళ్లం. కండోములూ జెల్లూ సంచిలో వేసుకుని పోయేవాణ్ణి. కోతీలు, పంతీలు, జోగతులు అని పిలుచుకునే మావాళ్లతో కూర్చుని, కొయ్య నమూనా మీద కండోమ్ తొడిగి చూపించి, సిగ్గుపడే పిల్లవాణ్ణి వెంటబెట్టుకుని రక్తపరీక్షకు తీసుకుపోయేవాణ్ణి. ఆ పని నాకు ప్రాణం. ఇప్పటికీ నా బతుకులో గర్వపడదగ్గ కాలం అదే.

ఆ పనిలో ఉండగానే ఒక సంగతి గమనించి ఉండాల్సింది. మగవాళ్లతో పడుకునే మగవాళ్లకు ఒక ప్రాజెక్టు, సూదితో మత్తు తీసుకునేవాళ్లకు వేరే ప్రాజెక్టు. 2017లో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (నాకో) చేసిన సర్వేలో మావాళ్లలో హెచ్‌ఐవీ 2.69 శాతం, సూదివాళ్లలో 6.26 శాతం. దేశం మొత్తం మీద పెద్దవాళ్లలో అది పావు శాతం కూడా లేదు. రెండు అంకెలూ రెండు వరుసల్లో ఉండేవి. ఒకే మనిషి రెండు వరుసల్లోనూ ఉండవచ్చన్న ఆలోచన నా రిజిస్టరుకు రాలేదు, నాకూ రాలేదు. మత్తు అంటే మణిపూర్ అనుకునేవాణ్ణి, పంజాబ్ అనుకునేవాణ్ణి. మా బళ్ళారిలో సారా, బ్రాందీ, మహా అయితే గంజాయి.

ప్రాజెక్టు అయిపోయాక జీన్స్ కుట్టే యూనిట్లో లెక్కలు రాసే పనికి కుదురుకున్నాను. మావాళ్లు కలిసే చోట్లు కూడా బస్టాండు నుంచి ఫోన్లోకి మారిపోయాయి. 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు 377 సెక్షను మమ్మల్ని నేరస్థులుగా చూడకూడదని చెప్పింది. నాలుగు రోజులకే, సెప్టెంబర్ 10న, హెచ్‌ఐవీ ఉన్నవాళ్ల హక్కుల చట్టం అమలులోకి వచ్చింది. ఆ వారమంతా నేను గాల్లో నడిచాను. మా అక్కకు ఫోన్ చేసి చెప్పేశాను. ఆమె చాలాసేపు ఏడ్చి, "నువ్వు బాగుంటే సాలప్పా, మిగతాది నాకు తెల్దు" అనింది. ఇక దాచాల్సింది ఏదీ లేదనుకున్నాను. సిగ్గును గెలిచానన్న నమ్మకం నాకు అప్పుడే బలపడింది. ఆ నమ్మకం మీదే తర్వాతదంతా జరిగింది.

బెంగళూరుకు రాత్రి రైలెక్కడం అలవాటైంది. యాప్‌లో కొందరి పేర్ల పక్కన 'హై ఫన్' అని ఉండేది. మన దేశంలో మావాళ్లు ఈ పనికి పెట్టుకున్న పేరు అది. లండన్‌లో కెమ్‌సెక్స్ అంటారు. మెథాంఫెటమైన్ కానీ, 2015 ఫిబ్రవరిలో మన మత్తుమందుల చట్టం కిందికి తెచ్చిన మెఫెడ్రోన్ కానీ తీసుకుని గంటల తరబడి, ఒక్కోసారి రెండు మూడు రోజుల పాటు, పడక మీదే ఉండిపోవడం. మెఫెడ్రోన్ గంటా రెండు గంటల్లో దిగుతుంది, కాబట్టి మళ్లీ మళ్లీ కావాలనిపిస్తుంది. ఐస్ అనే మెథాంఫెటమైన్ అర్ధరోజుకు పైగా ఒంట్లో ఉంటుంది. రెండూ మెదడులోని డోపమిన్‌ను ఒక్కసారిగా పొంగిస్తాయి.

అది నాకేం చేసిందో దాచకుండా చెప్పాలి. చెప్పకపోతే ఎందుకు మళ్లీ మళ్లీ పోయానో ఎవరికీ అర్థం కాదు. నేను పుట్టిన ఇంట్లో మగపిల్లవాడు నడుము కదిలించి నడిస్తే దెబ్బలు పడేవి. ముప్పై దాటినా దీపం వేసి ఉంటే నేను బట్టలు విప్పలేకపోయేవాణ్ణి. ఆ పొడి తీసుకున్న మొదటి రాత్రి దీపం వెలుగుతూనే ఉంది. నా పొట్ట, నా నలుపు, నా గొంతు, నా యాస, ఏదీ నాకు అడ్డం రాలేదు. ఎదుటివాడు నన్ను ముట్టుకుంటే నా లోపల ఎవరూ ముడుచుకోలేదు. కోర్టు తీర్పు ఇవ్వలేనిది, అక్క ప్రేమ ఇవ్వలేనిది ఆ పొడి ఇచ్చిందని నమ్మాను. అక్కడే పొరపడ్డాను. అది సిగ్గును తీసేయలేదు, కొన్ని గంటలు నోరు నొక్కింది. సోమవారానికి అదే సిగ్గు పదింతలై తిరిగొచ్చేది. దాన్ని పోగొట్టుకోవాలంటే మళ్లీ శుక్రవారం రైలెక్కాలి.

వారాంతాల్లోనే తీసుకుంటున్నాను కదా, వ్యసనం కాదనుకున్నాను. సూది గుచ్చుకోవట్లేదు కదా, నేను ఆ రకం మనిషిని కాననుకున్నాను. సూది గుచ్చుకునేవాళ్ల గదిలోనే కూర్చుని అట్లా అనుకున్నాను. పీర్ ఎడ్యుకేటర్‌గా పనిచేసినవాణ్ణి, కండోమ్ గురించి నాకొకరు చెప్పాలా అనుకున్నాను. కండోమ్ జేబులోనే ఉండేది. తెలిసిందేదీ ఆ పొడి చెరిపేయదు, అన్నీ గుర్తుంటాయి. రేపు అనేదే కనబడకుండా పోతుంది. రేపు లేని మనిషికి కండోమ్ ఎందుకనిపిస్తుంది? గంటలు గడిచేకొద్దీ నోరెండిపోయి, ఒళ్లు పొడిబారి, ఎక్కడ ఒరుసుకుపోయిందో, ఎక్కడ నెత్తురొచ్చిందో తెలియదు. వైరస్ లోపలికి పోవడానికి అంతకంటే పెద్ద దారి అక్కర్లేదు.

డెబ్భై రెండు గంటల లెక్క గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ప్రమాదం జరిగిందనుకుంటే 72 గంటల్లోపు, వీలైతే మొదటి కొన్ని గంటల్లోనే, మందులు మొదలుపెట్టి 28 రోజులు వాడితే హెచ్‌ఐవీని ఆపే అవకాశం చాలా ఉంది. దీన్నే పెప్ అంటారు. నాకు తెలుసు, ఇతరులకు చెప్పాను కూడా. కానీ శుక్రవారం రాత్రి మొదలైన మెలకువ ఆదివారం దాకా సాగుతుంది. తర్వాత పడే నిద్ర మామూలు నిద్ర కాదు, తిండీ నీళ్లూ లేకుండా పడి ఉండటం. లేచాక మనసంతా బూడిద. ఫోన్ ఎత్తబుద్ధి కాదు, బతకబుద్ధి కాదు. ఆస్పత్రికి పోవాలన్న ఆలోచన వచ్చేసరికి మంగళవారమో బుధవారమో అవుతుంది. మందు పనిచేసే ఆ మూడు రోజులనే ఈ మత్తు తినేస్తుంది. దీన్ని ఏ శిక్షణలోనూ నాకు ఎవరూ చెప్పలేదు. నా ఒంటి మీద నేర్చుకున్నాను. అట్లాంటి రోజుల్లోనే, 2021 నవంబరులో, మా జిల్లాకే చెందిన ట్రాన్స్‌జెండర్ జానపద కళాకారిణి మంజమ్మ జోగతి పద్మశ్రీ అందుకుంటూ కొంగుతో రాష్ట్రపతికి దిష్టి తీస్తుంటే దేశమంతా చూసింది. మావాళ్లందరూ ఒకరికొకరు ఫోన్లు చేసుకుని ఏడ్చిన రోజు అది. నా ఫోన్ కూడా మోగింది. నేను తలుపు గడియ వేసుకుని, గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాను.

తర్వాత కొన్నాళ్లకు అరచేతుల్లో, అరికాళ్లలో రాగి రంగు మచ్చలు వచ్చాయి. దురద లేదు, నొప్పి లేదు. రోజూ నీలం రంగు గుడ్డ ముట్టుకునే పని, పైగా బళ్ళారి ఎండలు. అలర్జీ అనుకున్నాను. గుంతకల్లులో మెడికల్ షాపులో చూపిస్తే సిట్రిజిన్, ఒక ట్యూబు ఇచ్చాడు. కొన్ని వారాలకు మచ్చలు పోయాయి. మందు పనిచేసిందనుకున్నాను. సిఫిలిస్ రెండో దశలో వచ్చే మచ్చలు వైద్యం చేయకపోయినా వాటంతటవే పోతాయని, రోగం మాత్రం లోపలే ఉండిపోతుందని, అరచేతుల్లో దురద లేని మచ్చ కనబడితే ముందు అనుమానించాల్సింది దాన్నేనని నేనే పదిమందికి బొమ్మల పుస్తకం తిప్పి చూపించినవాణ్ణి. నా చేతులే నా ఎదురుగా ఉంటే గుర్తుపట్టలేకపోయాను. గుర్తుపట్టదలచుకోలేదన్నదే నిజం.

ఇంకోటి కూడా. ఆ పొడి కోరికను పెంచుతుంది గానీ అంగాన్ని నిలబడనివ్వదు. అందుకని చాలామంది సిల్డెనాఫిల్ మాత్ర వేసుకుంటారు. పాపర్స్ అని చిన్న సీసాలో వాసన చూసే మందు ఒకటుంది, నైట్రైట్ జాతిది. రెండూ రక్తనాళాలను వదులు చేసేవే. కలిస్తే రక్తపోటు ఒక్కసారిగా పడిపోతుంది, ప్రాణం పోవచ్చు. నేను స్నానాలగదిలో పడిపోయి నుదురు పగలగొట్టుకున్నాను. కుట్లు వేసిన డాక్టరు ఏం తీసుకున్నావని అడిగితే ఎండదెబ్బ అన్నాను. అక్కకు బైకు మీది నుంచి పడ్డానన్నాను.

చివరికి బళ్ళారిలో పరీక్షకు కూర్చున్నాను. హెచ్‌ఐవీ ఉందన్నారు, సిఫిలిస్ ఉందన్నారు. కౌన్సెలర్ మేడం ఎవరితో సంబంధాలని అడిగితే మగవాళ్లతో అని తలెత్తి చెప్పాను. అంత ధైర్యంగా చెప్పినందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను. మత్తేమైనా అలవాటుందా అంటే లేదన్నాను. ఇరవై నాలుగు లక్షల యూనిట్ల బెంజథైన్ పెనిసిలిన్‌ను రెండు పిరుదులకూ సగం సగం పొడిచారు, రెండు రోజులు సరిగ్గా కూర్చోలేకపోయాను. టెనోఫోవిర్, లామివుడిన్, డొల్యూటెగ్రావిర్ కలిసిన మాత్ర రోజుకు ఒకటి, ఉచితంగా, జీవితాంతం. మానకుండా వేసుకుంటే రక్తంలో వైరస్ పరీక్షకు దొరకనంతగా తగ్గిపోతుంది, అప్పుడు శృంగారంలో ఎదుటివాళ్లకు అంటదు. 2019లో లాన్సెట్‌లో వచ్చిన పార్ట్‌నర్-2 అధ్యయనంలో ఒకరికి హెచ్‌ఐవీ ఉండి ఇంకొకరికి లేని 782 మగ జంటలను చూశారు. మందులతో వైరస్ అణిగి ఉన్నంతవరకు, కండోమ్ లేకుండా కలిసినా, తన జోడీ నుంచి హెచ్‌ఐవీ అంటుకున్నవాడు ఒక్కడూ లేడు. ఇంత మంచి మందు నా చేతికి వచ్చింది.

నేను వారాంతాల్లో దాన్ని వేసుకోలేదు. రెండు రాత్రుల మెలకువలో మాత్ర గుర్తురాదు, గుర్తొచ్చినా మత్తుతో కలిస్తే ఏమవుతుందోనన్న భయం, పడి నిద్రపోయిన రోజు అసలే లేదు. ఈలోగా ఎవరో వెంటాడుతున్నట్టు, కిటికీ బయట పోలీసులు మాట్లాడుకుంటున్నట్టు అనిపించడం మొదలైంది. దానికి అనంతపురం పోయి, వేరే పేరుతో మానసిక వైద్యుణ్ణి కలిశాను. ఐస్ తీసుకుంటానని ఆయనకు చెప్పాను. "ఎప్పుడు తీసుకుంటావు, ఎవరితో?" అంటే స్నేహితులతో పార్టీల్లో అన్నాను. "వేరే మందులేమైనా వాడుతున్నావా?" అంటే లేదన్నాను. బళ్ళారి డాక్టరుకు అనంతపురం చీటీ తెలియదు, అనంతపురం డాక్టరుకు బళ్ళారి చీటీ తెలియదు. ఇద్దరూ మంచివాళ్లే. ఇద్దరి చేతులూ కట్టేసింది నేను.

వైరల్ లోడ్ వెయ్యి దాటి వచ్చింది. మందు పనిచేయట్లేదేమో, వైరస్ మొండికెత్తిందేమో, మళ్లీ చూసి అవసరమైతే రెండో వరస మందులకు మార్చాల్సి ఉంటుందని చెప్పారు. ఆ రెండో వరస మందుల్లో రిటోనవిర్ అనేది కలుస్తుంది. మిగతా మందులు ఒంట్లోంచి త్వరగా పోకుండా ఆపడమే దాని పని. మెథాంఫెటమైన్‌నూ, సిల్డెనాఫిల్‌నూ కూడా అది అట్లాగే ఆపుతుంది. మామూలుగా తట్టుకునే మోతాదే ప్రాణం మీదికి రావచ్చు. నా అబద్ధం ఆధారంగా డాక్టరు నాకు సరైనదనుకుని రాసే మందు నన్ను చంపగలదు. ఈ సంగతి చదివి తెలుసుకున్న రాత్రి నాకు మొదటిసారి నిజమైన భయం వేసింది.

మాత్రల గురించి మాట్లాడటానికి మళ్లీ కూర్చోబెట్టినప్పుడు మేడం కన్నడం వదిలి తెలుగులోకి వచ్చింది. ఆమెది రాయదుర్గం వైపు అని అప్పటిదాకా నాకు తెలియదు. "అన్నా, శనివారం ఆదివారం మాత్రలే మిగుల్తాండాయి. ఆ రెండు దినాలు యాడికి పోతావు?" అని అడిగింది. కోపం లేదు, వలేసి పట్టుకోవాలన్న తొందరా లేదు. అనంతపురంలో దాచడానికి వాడుకున్న భాషలోనే ఆమె అడిగింది. మొత్తం చెప్పాను. రెండు పేర్లూ చెప్పాను. ఆమె రాసుకోవడం ఆపి విన్నది. తర్వాత అడిగింది ఒక్కటే: "ఆ డాక్టరుతో మా డాక్టరు మాట్లాడచ్చా?"

లండన్ సోహోలో 56 డీన్ స్ట్రీట్ అనే సుఖవ్యాధుల క్లినిక్‌లో డేవిడ్ స్టువర్ట్ అనే ఆయన పనిచేసేవాడు. 2022 జనవరిలో చనిపోయాడు. కెమ్‌సెక్స్ అన్న మాట లోకానికి తెలిసింది చాలావరకు ఆయన వల్లే. కండోముల గురించి అడిగే గదిలోనే, అడిగే మనిషే, మత్తు గురించి కూడా తప్పుపట్టకుండా అడగాలన్నది ఆయన పని సారం. వినడానికి ఎంత చిన్న సంగతి! బళ్ళారిలో ఒక కౌన్సెలర్ తనంతట తాను అదే చేసింది. హెచ్‌ఐవీ మందులిచ్చే ప్రతి ఏఆర్‌టీ సెంటర్లో, ప్రతి సుఖవ్యాధుల క్లినిక్‌లో ఇది పద్ధతిగా జరగాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను. పనిచేసినప్పుడు నేనే ఆ ప్రశ్న అడగలేదు. నా సైట్లలో ఎందరు ఆ ప్రశ్న కోసం ఎదురుచూసి ఉంటారో.

నేను నోరు మూసుకోవడానికి సగం కారణం పోలీసులు. మత్తు తీసుకోవడం ఇప్పటికీ నేరమే, అందులో సందేహం లేదు. కానీ అదే మత్తుమందుల చట్టంలో, అంటే ఎన్‌డీపీఎస్ చట్టంలో, 64ఎ సెక్షను ఉంది. వాడకం, కొద్దిపాటి మోతాదు కేసుల్లో ఉన్న వ్యసనపరుడు తనంతట తాను ప్రభుత్వ, లేదా ప్రభుత్వం గుర్తించిన కేంద్రంలో చికిత్సకు చేరి దాన్ని పూర్తిచేస్తే అతని మీద కేసు నడపకుండా కాపాడుతుంది. 377 గురించి ప్రతి పేరా చదివిన నేను దీన్ని చూడనే లేదు. హెచ్‌ఐవీ చట్టం నా వివరాలను గోప్యంగా ఉంచాలని ఆస్పత్రిని కట్టడి చేస్తుందన్న సంగతీ నాకు తెలుసు. తెలిసీ రెండో పేరు పెట్టుకున్నాను.

ఇప్పుడు ఒకే పేరు, ఒకే చీటీ. ఐస్ అలవాటును మాన్పించే మందంటూ ప్రత్యేకంగా ఏదీ లేదు. మిర్టజపీన్ అనే కుంగుబాటు మాత్ర మీద శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎక్కువగా మగవాళ్లతో పడుకునే మగవాళ్ల మధ్య చేసిన పరీక్షల ఫలితాలు 2011లో ఒకసారి, 2019లో ఇంకోసారి వచ్చాయి. వాడకం తగ్గిందని రెండుసార్లూ తేలింది. నా డాక్టరు అన్నీ చూసుకుని దాన్నే రాశాడు. మధ్యలో జారాను. జారిన సంగతి ఆ వారంలోనే చెప్పాను. వైరల్ లోడ్ దిగింది, మందులు మార్చాల్సిన పని పడలేదు. సిఫిలిస్‌కు చేసే ఆర్‌పీఆర్ పరీక్షలో 1:64 ఉన్నది 1:8కి వచ్చింది. పళ్లు రెండు పోయాయి. దీపం వెలుగుతుంటే బట్టలు విప్పడం ఇప్పటికీ కష్టమే, దాని గురించి మాట్లాడుకోవడానికే మానసిక వైద్యుడి దగ్గరికి పోతున్నాను.

మొన్న సిరుగుప్ప కుర్రవాడొకడు ఫోన్ చేశాడు. బెంగళూరులో చదువు. అరచేతుల ఫొటో పంపి, "అన్నా, ఇది ఎండకేనా?" అన్నాడు. ఎండకు కాదన్నాను. ఐస్ గురించి అడిగితే కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "డాక్టరుకు రెండూ చెప్పాల్నా? అనంతపురంలో ఒకటి, ఈడ ఒకటి చూపించుకుంటే కాదా?" అన్నాడు. నా మాటలే నాకు వినిపించినట్టయింది. "రెండూ ఒకే డాక్టరుకు చెప్పు. నేనూ వస్తా" అన్నాను. గురువారం పోతున్నాం. హెచ్‌ఐవీ, ఆర్‌పీఆర్, హెపటైటిస్ బి, సి, అన్నిటికీ ఒకేసారి రక్తం ఇవ్వమన్నాను. గొంతు, మలద్వారం నుంచి కూడా నమూనా తీయమని గట్టిగా అడగాలి. ఆ చోట్ల గనేరియా, క్లమీడియా చాలాసార్లు ఏ లక్షణమూ చూపించకుండా ఉండిపోతాయి, మూత్రపరీక్ష ఒక్కటే చేస్తే దొరకవు. హెచ్‌ఐవీ లేదని తేలితే, రాకుండా ముందే రోజూ వేసుకునే ప్రెప్ మాత్ర గురించి మేడంతో మాట్లాడిస్తాను.